మొదటి రేకు

ఆ ఎండాకాలం ఐదు వారాలపాటు మేం ఇంగ్లీషువాళ్ళలా బతికాం. అంతకుముందు మీరెవరూ అని అడుగుతారేమో. పుట్టిందీ పెరిగిందీ ఈ బ్రాన్‌లో ఊళ్ళోనే. మా తాతలూ ముత్తాతలూ అందరూ ఇక్కడి చర్చి వెనకాలే పడుకుని ఉన్నారు. కానీ చూడ్డానికి చుట్టాలొస్తున్నారంటే ఆ సంగతే వేరు. మామూలు రోజుల్లో నేను కప్పులో టీ సంచి పడేసి, పొయ్యి దగ్గరే నిలబడి తాగేసేదాన్ని. ఆ ఐదు వారాలూ మాత్రం అటక మీంచి పెళ్ళినాటి పింగాణీ సామాను దింపి, బల్ల మీద గుడ్డ పరిచి, కీరదోస ముక్కలు పెట్టిన రొట్టెలు అంచులు కోసి మరీ వడ్డించాను. కోసిన అంచులు నేనూ మా ఆయన విల్ఫూ వంటింట్లో నిలబడి తినేవాళ్ళం.

వచ్చింది నా మరిది లెన్. వలస పోయేవాళ్ళకిచ్చే పది పౌన్ల టికెట్టు మీద ఓడెక్కి ఆస్ట్రేలియా పోయినవాడు ముప్పై ఏళ్ళకు ఇటు తిరిగాడు. కూడా భార్య నోరీన్, కూతురు రేలీన్. ఆ పిల్లకు ఇరవై రెండేళ్ళు. పెద్దమ్మా, నాకు అసలైన ఇంగ్లాండు చూపించాలి అని ముందే ఉత్తరం రాసి, చూడాల్సినవన్నీ వరసగా కింద పెట్టింది. పల్లెటూరి క్రికెట్, ఇత్తడి బాజాలు, చర్చి గంటలు, మోకాళ్ళకు గజ్జెలు కట్టుకుని గెంతే మగవాళ్ళు. ఆ గెంతేవాళ్ళను యాభై ఎనిమిదేళ్ళలో నేను ఒక్కసారైనా చూసిన పాపాన పోలేదు. ఎక్కడుంటారో కనుక్కోవడానికి మూడు ఊళ్ళకు ఫోన్ చేశాను.

అన్నిటికంటే పైన రాసింది మాత్రం మా ఊరి బావి ముస్తాబు. దాని కోసం ఎవరికీ ఫోన్ చెయ్యక్కర్లేదు. అది మా ఇంట్లోంచే బయల్దేరుతుంది. ఏటా జూన్ నెలాఖర్లో ఊటబావి వెనక తలుపంత పలక నిలబెడతాం. పలక మీద ఉప్పు కలిపి తొక్కిన బంకమన్ను, మన్ను మీద పూల రేకులతో, నాచుతో, గింజలతో అద్దిన బొమ్మ. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ బొమ్మ గీస్తున్నది విల్ఫే. దుకాణాలకు బోర్డులు రాసే చెయ్యి. బొమ్మ గీసినవాడే మొదటి రేకు పెట్టాలన్నది ఊరి పద్ధతి. వాడు పెట్టాక మిగతావాళ్ళు మొదలుపెడతారు.

ఆ సంవత్సరం మార్చిలో డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. నాకది కొత్త సంగతేమీ కాదు. టీ పెడుతూ పెడుతూ పాలెక్కడని విల్ఫ్ అడగడం, చేతిలో పాలసీసా ఉండగానే అడగడం, అప్పటికే ఏడాదిగా చూస్తున్నాను. డాక్టరు దానికో పేరు పెట్టాడు, ఇక వెనక్కి రావడం ఉండదన్నాడు. ఇంటికొచ్చాక విల్ఫ్ పెరట్లో రంగుల డబ్బాల కొట్లో స్టూలు మీద కూర్చున్నాడు.

"లెన్‌కి చెప్పకు, కాన్నీ."

"సొంత తమ్ముడు కదా."

"అందుకే. ముప్పై ఏళ్ళ తర్వాత వస్తున్నాడు. నా మీద జాలిపడ్డానికి అంత దూరం రావాలా? ఉండేది ఐదు వారాలు. ఆ ఐదు వారాలూ వాడికి నేను వాళ్ళన్నలాగే కనబడాలి. తర్వాత ఏమైనా కానీ."

"నేనొక్కదాన్నీ ఎలా నెట్టుకు రానూ?"

"ముప్పై నాలుగేళ్ళుగా నా మాట సగంలో ఉండగానే లాక్కుంటున్నావుగా. అదిప్పుడు పనికొస్తుంది."

నవ్వొచ్చింది. నవ్వుతూనే మాటిచ్చాను. ఆ నవ్వులో ఇచ్చిన మాట ఎంత బరువుంటుందో అప్పుడు నాకు తట్టలేదు.

లెన్ వాకిట్లో కారు దిగగానే విల్ఫ్ గుర్తుపట్టాడు. నా గుండెల మీంచి బండ దిగింది.

"ఏంట్రా ఇంత నల్లబడ్డావ్? గొర్రెల్ని కాయమంటే వాటితోపాటు కాల్చుకు తిన్నారా నిన్ను?" అన్నాడు.

"నువ్వు మాత్రం ఇంకా పిండిముద్దలాగే ఉన్నావన్నయ్యా," అన్నాడు లెన్. వాటేసుకుని చాలాసేపు వదల్లేదు. మా ఇళ్ళలో మగవాళ్ళు అంతసేపు వాటేసుకోరు. ఆస్ట్రేలియాలో నేర్చుకున్నాడు కాబోలు అనుకున్నాను.

మిగతా ఇద్దరి పేర్లూ విల్ఫ్‌కి నిలిచేవి కావు. అందుకని కోటు జేబులో చీటీ పెట్టాను. లెన్ భార్య నోరీన్. కూతురు రేలీన్. వాళ్ళది అడిలైడ్. కుక్క చచ్చిపోయింది, దాని గురించి అడక్కు. పొద్దున్నే తోటలోకి వెళ్ళి అది చదువుకుని లోపలికొచ్చి, "ఏమ్మా రేలీన్, నిద్ర పట్టిందా?" అనేవాడు. ఆ ఒక్క మాటా సరిగ్గా వచ్చినందుకు నాకు పండగలా ఉండేది. రోజుకోసారి గిన్నెలు కడిగేటప్పుడు కుళాయి పెద్దగా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చేదాన్ని. మేడ మీద గదిలో అదే వేళకు నోరీన్ రేడియో పెద్దగా పెట్టేది. ఆస్ట్రేలియావాళ్ళకు చెవులు పనిచెయ్యవా అని విసుక్కునేదాన్ని.

రెండో వారం క్రికెట్‌కి తీసుకెళ్ళాను. చర్చి పక్క మైదానంలో మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. రేలీన్ కెమెరా పట్టుకుని తెల్ల ప్యాంట్లవాళ్ళ చుట్టూ తిరుగుతోంది.

"పెద్దమ్మా, ఇందాకట్నుంచి ఏమీ జరగట్లేదేంటి?"

"జరుగుతూనే ఉంది తల్లీ. జరుగుతున్నట్టు తెలియకపోవడమే ఇక్కడి ఆట," అన్నాను.

విల్ఫ్ ఒక కథ ఎత్తుకున్నాడు. చిన్నప్పుడు లెన్ పాత పిండిమర చెరువులో పడితే, లాగిందెవరూ, తన్నులు తిన్నదెవరూ అన్న కథ. లెన్ తొడ చరుచుకుని నవ్వాడు. రెండు ఓవర్లయ్యాయో లేదో, విల్ఫ్ మళ్ళీ అదే చెరువులోకి అదే తమ్ముణ్ణి తోశాడు. నేను అందుకుందామని నోరు తెరిచేలోపే లెన్ మొదటిసారి వింటున్నట్టు అదే చోట తొడ చరుచుకుని నవ్వాడు. మగవాళ్ళు ఒకళ్ళ మాట ఒకళ్ళు వినరు కాబట్టి బతికిపోయాను అనుకున్నాను.

ఇంకోరోజు రేలీన్‌ని గజ్జెల మగవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాను. తిరిగొచ్చేసరికి విల్ఫ్ కోటు తీగ మీద ఆరుతోంది. నోరీన్ ఉతికింది. చీటీ గుర్తొచ్చి గబగబా తీగ దగ్గరికి వెళ్ళాను. జేబులో చెయ్యి పెడితే చీటీ ఉంది, పొడిగా, నాలుగు మడతలతో. అమ్మయ్య, జేబులు చూడకుండా పైపైన తడిపి ఆరేసే రకం అనుకుని, ఆమె బద్ధకానికి దణ్ణం పెట్టుకున్నాను. పైపైన తడిపినా కాగితం తడుస్తుందన్న ఆలోచన నాకు రాలేదు.

నాలుగో వారం ముస్తాబు పని మొదలైంది. వారం ముందునుంచీ చెరువులో నానుతున్న పలకను చర్చి పక్క హాల్లోకి మోసుకొచ్చారు. రేలీన్ బూట్లు విప్పేసి మన్ను తొక్కింది. మోకాళ్ళదాకా బురదతో నిలబడి, "ఇది చూపించావు పెద్దమ్మా, ఇక చాలు, నాకింకేం అక్కర్లేదు," అంది. ఆ ఏడు విల్ఫ్ గీసిన బొమ్మ బైబిల్లో ఇల్లు వదిలిపోయి పందులు కాసిన చిన్నకొడుకు తండ్రి దగ్గరికి తిరిగొచ్చే కథ. గీతలన్నీ ఏప్రిల్లోనే గీసేశాడు. పేర్లు మర్చిపోతున్నా ఆ చెయ్యి మాత్రం ఏదీ మర్చిపోలేదు.

"ఆ పందుల దగ్గర చతికిలబడినవాడు నేనేనా?" అన్నాడు లెన్.

"పందివి కూడా నువ్వే. ముక్కు చూడు," అన్నాడు విల్ఫ్.

హాలంతా నవ్వింది. ఐవీ బ్యాగ్‌షా కూడా నవ్వింది. ఐవీకి డెబ్బై ఎనిమిదేళ్ళు. యాభై ఏళ్ళుగా ఆ హాల్లో రేకులు అద్దేవాళ్ళ వెనక నిలబడి తప్పు చేస్తే చేతి మీద కొట్టే మనిషి. నా చేతి మీదా కొట్టింది, పెళ్ళయిన కొత్తలో.

"కింద నుంచమ్మా, కింద నుంచి. మీ ఇంట్లో ఎప్పుడూ పెంకులు వెయ్యలేదా?" అనేది.

రేకులు అద్దడంలో ఉన్న రహస్యమంతా అంతే. పెంకులు పరిచినట్టే కింది వరస ముందు, పై వరస తర్వాత. పై రేకు కింది రేకు మీద ఒరిగితే వాన నీళ్ళు జారిపోతాయి, బొమ్మ వారం రోజులు నిలుస్తుంది. ఊళ్ళో నడక రాని పిల్లలకూ తెలుసు ఆ సంగతి. వాళ్ళందరికీ నేర్పింది విల్ఫే.

శుక్రవారం మధ్యాహ్నం నల్ల గీతలన్నీ కాఫీ గింజలతో అద్దడం అయిపోయింది. అందరూ రేకుల బుట్టలు పట్టుకుని విల్ఫ్ చుట్టూ చేరారు. అతను నీలం రేకు ఒకటి ఏరుకుని, వెలుతురుకేసి పట్టి చూసుకుని, వంగి, పలక పై అంచున ఆకాశంలో అద్దాడు. దాని కింద ఇంకొకటి. ఆ రెండోదాని తల మొదటిదాని అంచు మీద కూర్చుంది. తర్వాత నడుం ఎత్తి, "ఊఁ, కానివ్వండి," అన్నాడు.

ఒక్కరూ కదల్లేదు. హాల్లో ఇరవై మంది ఉన్నాం. నేను మాట అందుకోవాలి. అందుకోవడానికే ఉన్నాను. విల్ఫ్, ఏంటా పరాకు అని నవ్వుతూ అంటే సరిపోయేది. కానీ అతని మొహం చూశాను. పని సరిగ్గా మొదలుపెట్టిన మనిషి మొహం అది, ఏడాదిగా ఆ మొహం నాకు కనబడలేదు.

ఐవీ కళ్ళజోడు సర్దుకుంది. ఆ రెండు రేకులనూ చూసింది. విల్ఫ్‌ను చూసింది. తన బుట్టలోంచి నీలం రేకు తీసి, యాభై ఏళ్ళు ఎవర్నీ చెయ్యనివ్వని పని చేసింది. విల్ఫ్ పెట్టినదాని కిందే, పై నుంచి కిందికి, అద్దింది. అది చూసి అందరూ బుట్టలు దించి పనిలోకి దిగారు.

"నాన్నా, కింద నుంచి కదా అన్నావ్ నువ్వు," అని రేలీన్ మెల్లిగా అడగడం నాకు వినబడింది.

"ఒక్కో ఊళ్ళో ఒక్కో పద్ధతమ్మా," అన్నాడు లెన్, ఈ ఊళ్ళోనే పుట్టినవాడు. ముప్పై ఏళ్ళలో ఇదీ మర్చిపోయాడన్నమాట అనుకుని, మనసులో ఊపిరి పీల్చుకున్నాను. రేలీన్ తండ్రి మొహంలోకి చూసి, బుట్టలోంచి ఇంకో రేకు తీసుకుంది.

ఆ సాయంత్రం దాకా అందరూ తలలు వంచుకుని రేకులు అద్దారు. టీ వచ్చింది, తాగారు. పంది మాంసం కూరిన రొట్టెలు తిన్నారు. వాతావరణం గురించి మాట్లాడుకున్నారు, అదీ ఆదివారం వాన ఉందన్న మాట దగ్గరికి వచ్చి ఆగిపోయింది. బొమ్మ మాత్రం చాలా అందంగా వచ్చింది. శనివారం బాజాలతో వెళ్ళి బావి వెనక నిలబెట్టాం. పాస్టరుగారు నీళ్ళను దీవించారు. విల్ఫ్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడి, పక్కన లెన్ భుజం మీద చెయ్యి వేశాడు. రేలీన్ ఫోటో తీసింది. గడిచిపోయింది, ఇంకో ఐదు రోజులే అనుకున్నాను.

ఆదివారం పొద్దుటినుంచీ రాత్రిదాకా ఒకటే వాన.

సోమవారం పొద్దున తెరిపిచ్చాక అందరం బావి దగ్గరికి వెళ్ళాం. వద్దన్నా విల్ఫ్ వినలేదు. ఆకాశం మొత్తం జారిపోయి పందుల మీద పడి ఉంది. తండ్రి మొహం లేదు. మన్ను పాయలు పాయలుగా కారి, రేకులన్నీ గడ్డిలో ముద్దలు కట్టి ఉన్నాయి. మాకంటే ముందే ఐవీ, ఇంకో అరడజను మంది వచ్చి నిలబడి ఉన్నారు. విల్ఫ్ దగ్గరికి వెళ్ళి, మిగిలిన నీలం రేకు ఒకటి గోటితో ఎత్తి చూశాడు.

"ఎవరు చేశారిది?" అన్నాడు.

ఐవీ తన బూట్ల వంక చూసుకుంది.

"పై నుంచి మొదలుపెట్టారు. చూడండి, నీళ్ళన్నీ లోపలికి పోయాయి. పని తెలిసినవాళ్ళెవరూ ఇలా చెయ్యరు. ఎవరూ, అడుగుతోంది మిమ్మల్నే."

గొంతు పెరిగింది. అతని కళ్ళు ఒక్కొక్కరి మీదికీ వెళ్ళి, తిరిగి తన చేతుల మీదికి వస్తున్నాయి. తన గోళ్ళలో ఇంకా నీలంగా ఉందని ఇంకో క్షణంలో చూసుకుంటాడు. నేను ముందుకెళ్ళాను.

"నేనే, విల్ఫ్."

"నువ్వా?"

"నేనే పెట్టాను మొదటి రేకు. తొందరలో పరాకు పడ్డాను."

"ముప్పై నాలుగేళ్ళు నాతో కాపురం చేసి ఇదా నువ్వు నేర్చుకుంది?" అన్నాడు. తర్వాత గొంతు పూర్తిగా తగ్గిపోయింది. "లెన్ అంత దూరం నుంచి వచ్చింది ఇది చూడ్డానికా, కాన్నీ?"

"తప్పయిపోయింది."

అతని కోపం దిగిపోయింది. గడ్డిలోంచి నాలుగు రేకులు ఏరి, తుడిచి, నా చెయ్యి పట్టుకుని పలక కింది మూలకు తీసుకెళ్ళాడు.

"ఇలా చూడు. కింద నుంచి. దీన్ని ముందు పెట్టు. ఆఁ. ఇప్పుడు రెండోది దీని మీద ఒరగాలి. బొటనవేలితో, మరీ నొక్కకు. తెలిసిందా? నీళ్ళు జారిపోవాలి."

"తెలిసింది."

"మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టాను. నా వేలి మీద అతని వేలు ఉంది. ఎన్నేళ్ళ క్రితమో ఇలాగే నేర్పాడు, అప్పుడూ చెయ్యి ఇలాగే వెచ్చగా ఉంది. నాకు బావిలో దూకాలన్నంత దుఃఖం వచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే లెన్ గోడకేసి తిరిగి నిలబడి ఉన్నాడు. ఆ పెద్ద వీపు కదులుతోంది. రేలీన్ కెమెరాను సంచిలో పెట్టేసుకుంది.

ఇంటికొచ్చాక నోరీన్ నా వెనకే వంటింట్లోకి వచ్చి తలుపు మూసింది.

"అక్కా, ఇంక నా వల్ల కాదు," అంది. "మాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"అంతా తెలుసు. వచ్చే ముందే తెలుసు. ఆ చీటీ ఉతుకులో ముద్దయిపోతే నేనే మళ్ళీ రాసి పెట్టాను. నీ రాతలాగే రావడానికి నాలుగు కాగితాలు చించాను."

కోటు జేబులోంచి కవరు తీసి ఇచ్చింది. విల్ఫ్ అక్షరాలు. బోర్డులు రాసేవాడి నిలువు అక్షరాలు, అక్కడక్కడ కొట్టివేతలు. ఫిబ్రవరి తేదీ ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్ళకముందే.

'తమ్ముడూ, ఈ ఏడే రా. నాకు బుర్రలో ఏదో పోతోంది. వచ్చే ఏడు పూలన్నీ గుర్తుండి నువ్వు గుర్తుండకపోవచ్చు. నీతో కలిసి ఒక్కసారి బావి ముస్తాబు చెయ్యాలి. కాన్నీకి తెలియదు. తెలియనివ్వొద్దు, మాటివ్వు. తెలిస్తే అది ఎవరికీ కనబడకుండా ఒక్కతే ఏడుస్తుంది.'

రెండుసార్లు చదివాను. ముందు నాకు కోపమే వచ్చింది. విల్ఫ్ మీద, వీళ్ళ మీద, ఊరందరి మీద. నాలుగు వారాలుగా ఒక ఇంట్లో ఐదుగురం, ఒకళ్ళకు తెలియకూడదని ఒకళ్ళం కీరదోస రొట్టెలు తింటూ కూర్చున్నాం. పక్కపక్కన కూర్చుని ఏడవాల్సినవాళ్ళం. నేను కుళాయి చాటున, ఈమె రేడియో చాటున. ఆ మాటే అన్నాను.

"రేడియో చాటు నాది కాదక్కా. లెన్‌ది," అంది నోరీన్.

అప్పుడు ఇద్దరం వంటింటి నేల మీదే కూర్చుని ఏడ్చాం. కుళాయి తిప్పలేదు.

గురువారం వాళ్ళు వెళ్ళిపోయారు. వాకిట్లో అన్నదమ్ములు చేతులు కలుపుకున్నారు. లెన్ వాటేసుకోబోయి, ఎందుకో ఆగి, అన్న కోటు కాలరు సర్దాడు.

"వచ్చే ఏడు మళ్ళీ రారా," అన్నాడు విల్ఫ్.

"వస్తానన్నయ్యా."

"ఆ పిల్లను కూడా తీసుకురా. మన్ను బాగా తొక్కుతుంది."

పేరు మర్చిపోయాడు గానీ తొక్కడం గుర్తుంది. రేలీన్ కారు వెనక అద్దంలోంచి మలుపు దాకా చెయ్యి ఊపుతూనే ఉంది. విల్ఫ్ కూడా మలుపు దాకా ఊపాడు. లోపలికి వచ్చి టీ పెట్టాను. కప్పులో సంచి పడేసి, మామూలుగా. అతను బల్ల దగ్గర కూర్చుని తాగాడు. వాళ్ళు తాగి వెళ్ళిన మూడు కప్పులూ కడిగి బోర్లించి పెట్టాను.

"కాన్నీ, రాసుకునే కాగితాలెక్కడున్నాయి?"

"ఎందుకు?"

"లెన్‌కి ఉత్తరం రాయాలి. ముప్పై ఏళ్ళయింది వాణ్ణి చూసి. ఈ ఏడు ఎలాగైనా రమ్మనాలి."

సొరుగు లాగి కాగితం తీశాను. పెన్ను మూత తీసి చేతికిచ్చాను. తమ్ముడూ అని రాసుకుని, ఎడం చెయ్యి కాగితానికి అడ్డం పెట్టుకున్నాడు, బళ్ళో పిల్లాడిలా.

"నువ్వు చూడకు. అటు తిరుగు. ఇందులో నీకు తెలియకూడని సంగతి ఒకటుంది."

"సరే," అన్నాను.

సింకు వైపు తిరిగాను. వెనక కాగితం మీద పెన్ను కదులుతోంది, ఆగుతోంది, మళ్ళీ కదులుతోంది. సింకులో కడగాల్సినవేమీ లేవు. కుళాయి పెద్దగా తిప్పాను.